నాణెం మీది లోపం, నాణెం మీది అరుగుదల: సంఘ చరిత్ర వ్రాయువారికి కొన్ని సూచనలు

2022 నుండి కాకినాడ జిల్లాలో ఉన్న అన్నవరం పరిసరాల్లోని ఒక సంఘం జ్ఞాపికా సంచిక సిద్ధం చేసుకుంటూ, విశ్వాసుల కుటుంబం ఒకటి భోషాణంలో దాచిన రాగి నాణేన్ని మా యొద్దకు పంపింది. అది ఈస్టిండియా కంపెనీ వారి పావు అణా. మన పెద్దలు దానినే 'కాని' అనేవారు. దానిపై సంవత్సరం 1835. వెనుకవైపు రెండు గీతలు సిలువ ఆకారంలో ఒకదానినొకటి కోసుకొని ఉన్నాయి. తమ పితరుడు ప్రభువును అంగీకరించిన దినాన కత్తితో గీసుకొన్న సిలువ అదని, కనుక తమ సంఘం 1835 నాటిదని ఆ కుటుంబం వారి సాక్ష్యం. గోదావరి డెల్టాలో సువార్త పని చేసిన బౌడెన్, బీర్ దంపతులు ఇంగ్లండు నుండి బయలుదేరినదే 1836లో. కాబట్టి ఇది చిన్న మాట కాదు. ఆ గీతలు టంకశాలలో పుట్టినవా, మనుష్యుల చేతిలో పడినవా అన్నది తేల్చవలసి వచ్చింది.

1. నాణెం ఎలా పుట్టేది?

పూర్వం మచిలీపట్నం వంటి టంకశాలల్లో లోహపు బిళ్లను రెండు అచ్చుల మధ్య ఉంచి సుత్తితో కొట్టేవారు. తరచుగా అచ్చు బిళ్లకంటె పెద్దది. అందుచేత పాలకుని పేరులో సగమే నాణెం మీదికి వచ్చేది. మిగిలిన సగం అరిగిపోలేదు, అసలు పడనే లేదు. ఉత్తర సర్కారుల కొరకు 1794, 1797 సంవత్సరాలతో ఇంగ్లండులోని సోహో టంకశాలలో యంత్రంపై రాగి నాణేలు ముద్రించారు. రూపాయికి 48 అని వాటిపైనే ఉంటుంది. వాటినే డబ్బులు అన్నారు. నేడు ధనానికంతటికీ మనం వాడే మాట ఒకప్పుడు ఆ రాగి నాణెం పేరు. 1835 చట్టాలు రూపాయికి 180 గ్రెయిన్లు, పావు అణాకు 100 గ్రెయిన్లు, అనగా సుమారు 6.48 గ్రాములు, తూకం నిర్ణయించాయి. ఈ తూకం మన పరీక్షకు చాలా ఉపయోగపడుతుంది.

2. నాలుగు పరీక్షలు

మొదటిది, గీత ఉబ్బి ఉందా, లోతుగా ఉందా? అచ్చు దెబ్బలు తిని బీటవారితే లోహం ఆ బీటలోకి చొచ్చుకొని నాణెం మీద చిన్న గట్టులాగ నిలుస్తుంది. కత్తి గాని మేకు గాని గాడి చేస్తుందే తప్ప గట్టు కట్టలేదు. గోటితో తడిమితే చాలు, తేడా తెలుస్తుంది.

రెండవది, ఎక్కడ మాసింది? అరుగుదల ఎత్తైన భాగాలను ముందు తాకుతుంది. రాజు బుగ్గ, జుట్టు, ఆ తరువాత అక్షరాలు మెల్లగా నునుపెక్కుతాయి. ఒక అక్షరం పూర్తిగా లేకుండా దాని ప్రక్క అక్షరం పదునుగా ఉంటే, అచ్చులో మురికి నిండినదని అనుమానించాలి.

మూడవది, ఆ చోటికి సరిగ్గా వెనుక ఏముంది? దెబ్బ బలంగా పడకపోతే రెండువైపులా అదే చోట బొమ్మ బలహీనంగా ఉంటుంది.

నాల్గవది, తూకం. దెబ్బ సరిగా పడని నాణెం తూకంలో తగ్గదు. అరిగినది తగ్గుతుంది. అయితే అంచు కోసినా, ఉప్పు గాలికి రాగి తినివేయబడినా తూకం తగ్గుతుంది గనుక, తూకం ఒక్కటే సాక్ష్యంగా చాలదు.

ఈ రెండింటికీ చెందని గురుతులు కూడా ఉన్నాయి. సరాబులు వెండి మంచిదో కాదో చూడడానికి రూపాయిలపై ముద్రలు గుద్దేవారు. కాసులపేరులో గ్రుచ్చిన నాణేనికి అతుకు మచ్చ ఉంటుంది, ఒంటికి తగిలే వైపు ఎక్కువ అరుగుతుంది. 1862 అని ఉన్న రూపాయిలు 1874 వరకు ముద్రితమయ్యాయి. వాటిలో సంవత్సరం దగ్గర కనబడే చుక్కలు లోపాలు కావు, టంకశాల వారు కావాలని పెట్టినవి. ఇంకొక మనవి: పరీక్షకు ముందు చింతపండుతో తోమవద్దు. తోమితే సాక్ష్యం పోతుంది.

3. బీద విధవరాలి కాసులు

ఈ వివేచన ప్రసంగ వేదికకూ అవసరమే. మార్కు 12వ అధ్యాయములోని రెండు కాసులను వివరిస్తూ, అలెగ్జాండర్ జన్నేయస్ (క్రీ.పూ. 103–76) కాలపు యూదా రాగి నాణేలను చూపి, బీదల చేతులలో అవి ఇంతగా అరిగాయని చెప్పడం కద్దు. అవి మొదటి శతాబ్దములోనూ చెలామణిలో ఉన్నవి గనుక కొంత అరుగుదల నిజమే. కాని బిళ్లలను వరుసగా పోతపోసి, నరికి, త్వరత్వరగా ముద్రించడంవల్ల వాటిలో అనేకం పుట్టుకతోనే వంకరవి, బొమ్మ ప్రక్కకు జరిగినవి. టంకశాల తొందరను బీదల కష్టంగా చెప్పనక్కరలేదు. ఆ స్త్రీ కానుక గొప్పతనానికి మన అతిశయోక్తి అవసరం లేదు.

4. ముగింపు

మా యొద్దకు వచ్చిన నాణెం మీది రెండు గీతలూ ఉబ్బినవే. అవి అచ్చు బీటలు, ఎవరూ గీసిన సిలువ కాదు. నాణెం రెండువైపులా ఎత్తు భాగాలు నునుపెక్కాయి. కంసాలి త్రాసులో 6.1 గ్రాములు తూగింది. అంచు కోసిన జాడ గాని, రాగి తినివేయబడిన గుంటలు గాని లేవు. అంటే భోషాణంలో చేరకముందు అది చాలాకాలం చేతులు మారింది. పైగా నాణెం మీది సంవత్సరం అది ముద్రితమైన సంవత్సరమే కానక్కరలేదు. 1837లో మరణించిన నాల్గవ విలియం పేరిట, 1835 సంవత్సరంతోనే, 1840 వరకు రూపాయిలు వచ్చాయి. నాణెం మీది సంవత్సరం దానిని అంతకు ముందు దాచలేదని మాత్రమే చెప్పగలదు. ఎప్పుడు దాచారో చెప్పలేదు.

ఈ సంగతి వ్రాసి పంపడం మాకు సులభం కాలేదు. తరతరాల సాక్ష్యాన్ని కాదనడం ఆ కుటుంబ పెద్దను నొప్పించింది. అయినను సంచికలో 1835 వేయలేదు. బాప్తిస్మపు పుస్తకంలో ఆ పితరుని పేరు మొదట కనబడిన సంవత్సరాన్నే వేశారు. అది ఎన్నో ఏండ్ల తరువాతిది. నాణెం మాత్రం ఇంకను ఆ ఇంటనే భద్రంగా ఉన్నది. సంఘ చరిత్ర వ్రాయు సేవకులు ప్రియమైన గురుతును ప్రేమించవలెను గాని, అది పలకని మాటను దానిచేత పలికించకూడదు.