పోకేమాన్ కార్డులు: కొనడానికి ఎంత, అమ్మితే ఎంత?

ఆనందపురం పూల మార్కెట్‌కి వెళ్లేవాళ్లకు ధర సంగతి వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్న పలికిన రేటు ఎండెక్కేసరికి ఉండదు. కొనేవాడు రాకపోతే బుట్టెడు బంతిపూలకీ విలువ లేదు. పిల్లలు ఈదీ డబ్బులు పెట్టి కొంటున్న ట్రేడింగ్ కార్డులదీ ఇదే లెక్క. కాకపోతే పూలు వాడిపోతే కంటికి కనిపిస్తుంది, కార్డు రేటు పడిపోతే కనిపించదు.

ఆడుకోవడానికీ, ఒకరితో ఒకరు మార్చుకోవడానికీ, దాచుకోవడానికీ అచ్చువేసే బొమ్మల కార్డులివి. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణిత శాస్త్రవేత్త తయారుచేసిన ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’తో ఈ తరహా ఆట ఊపందుకుంది. పోకేమాన్ కార్డులు జపాన్‌లో 1996లో వచ్చాయి. మన దగ్గర ఒకప్పటి పిల్లలు రెజ్లింగ్ ట్రంప్ కార్డులు పోగేసేవారు. ఆ పెట్టెలో ఏమున్నాయో కొనేముందే తెలిసేది. పోకేమాన్ ప్యాకెట్ చింపేదాకా లోపల ఏముందో తెలీదు. ఖర్చంతా ఇక్కడే పుడుతుంది.

చిన్న లెక్క చూడండి. ఒక సెట్టులో 100 రకాల కార్డులున్నాయి, అన్నీ సమానంగా దొరుకుతాయి అనుకుందాం. మొత్తం 100 రకాలూ చేతికి రావాలంటే సగటున 519 కార్డులు కొనాలి. ప్యాకెట్‌కి 10 చొప్పున 52 ప్యాకెట్లు. ప్యాకెట్ 200 రూపాయలనుకున్నా 10,400 అవుతుంది. నిజానికి అరుదైన కార్డులు తక్కువగా వేస్తారు కాబట్టి ఖర్చు ఇంకా పెరుగుతుంది. మిగిలిన నాలుగు వందల పైచిలుకు కార్డులు ఒకదానికొకటి నకళ్లే. అందుకే ఫలానా కార్డే కావాలనుకునేవాళ్లు దాన్ని విడిగా కొనుక్కోవడం చవక.

మరి లక్షలు పలికే కార్డుల మాటేమిటి? అవీ నిజమే. అమెరికా యూట్యూబర్ లోగన్ పాల్ 2021లో ‘పికాచు ఇలస్ట్రేటర్’ అనే కార్డును 52.75 లక్షల డాలర్లకు కొన్నాడు. అది దుకాణంలో అమ్మింది కాదు, జపాన్‌లో 1990ల చివర బొమ్మల పోటీ విజేతలకు బహుమతిగా ఇచ్చినది, నలభై చిల్లర మాత్రమే ఉన్నాయి. పైగా అంచు నలగకుండా, గీత పడకుండా ఉండాలి. పీఎస్ఏ లాంటి సంస్థలు ఫీజు తీసుకుని 1 నుంచి 10 వరకు గ్రేడు ఇస్తాయి. మామూలు కార్డుకైతే ఆ ఫీజే కార్డు ధరను మించిపోతుంది. ఇంటర్నెట్‌లో అమ్మేవాడు అడిగిన రేటు చూసి మురిసిపోకూడదు, అమ్ముడుపోయిన రేటే రేటు.

786 నంబరు నోటు దాచుకున్న ఇళ్లవాళ్లకు ఇది కొత్త కాదు. ‘లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండి’ అనే ఫోన్లు తెలిసినవే. పాత నోట్లు, నాణేల పేరుతో తమ పేరు వాడుకుని ఛార్జీలు, పన్నులు అడిగే మోసగాళ్లున్నారని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. కార్డు కొంటామంటూ ముందుగా డబ్బు అడిగేవాళ్లనూ అదే కంటితో చూడాలి.

ఇక చాలామంది అమ్మీ-అబ్బాలను తొలిచే ప్రశ్న: ఇది జూదమా? సౌదీ అరేబియా 2001లో పోకేమాన్‌ను నిషేధించినప్పుడు చెప్పిన కారణాల్లో జూదం ఒకటి. అమెరికాలోనూ 1999లో కొందరు తల్లిదండ్రులు ఇదే ఆరోపణతో కోర్టుకెక్కారు. చూసి కొన్న కార్డు వేరు, ఏదో తగులుతుందనే ఆశతో చింపే ప్యాకెట్ వేరు. ఆలిమ్‌ను అడిగేటప్పుడు ఈ తేడా విడమరిచి చెబితే జవాబు సూటిగా దొరుకుతుంది.

ఫ్యాన్సీ షాపుల్లో వందా రెండొందలకు కట్టగా దొరికే బంగారు రంగు ప్లాస్టిక్ కార్డులు దాదాపు అన్నీ నకిలీవే. ఆడుకోవడానికి పనికొస్తాయి, తిరిగి అమ్మడానికి కాదు. అసలు కార్డు అట్ట పొరల మధ్య నల్లటి పొర ఉంటుంది. సెల్‌ఫోన్ లైటు వెనక పెడితే నకిలీలోంచి వెలుతురు ఎక్కువగా వస్తుంది. అక్షర దోషాలు, వెలిసిన రంగులు కూడా పట్టిస్తాయి.

విశాఖ సముద్రపు తేమకు మెరిసే కార్డులు వంగిపోతాయి. రబ్బరు బ్యాండు వేస్తే అంచులు నలుగుతాయి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఓ సిలికా జెల్ పొట్లం వేస్తే చాలు. కొత్త చెప్పుల పెట్టెలో ఉచితంగా వచ్చేదే, కాకపోతే చిన్నపిల్లల నోటికి అందనివ్వకూడదు.