దూలమూ కమానూ

ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్‌లో సీతాఫల్‌మండి దాటాక మూడు స్టేషన్లు వరసగా వస్తాయి: ఆర్ట్స్ కాలేజ్, జామియా ఉస్మానియా, విద్యానగర్. మూడు పేర్లకూ చదువు వాసనే. మా విద్యానగర్ వాళ్లకి ఆర్ట్స్ కాలేజీ అంటే పొద్దుటి వాకింగ్ దారి. రోజూ చూస్తాం కనుక అసలు చూడం.

ఆ కాలేజీ ఉన్న ఉస్మానియా యూనివర్సిటీ 1918లో పుట్టినా దానికి చాలాకాలం సొంత ఇల్లు లేదు. గన్‌ఫౌండ్రీలో అద్దె బంగళాల్లోనే క్లాసులు. అడిక్‌మెట్ దగ్గర స్థలం ఖాయమయ్యాక, అక్కడ ఏం కట్టాలో చూసి రమ్మని ఆర్కిటెక్టులు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలను దేశాలు తిప్పారు. యూరప్, అమెరికా, జపాన్ అన్నీ చూశారు. తీరా మనిషి ఈజిప్టులో దొరికాడు. ఎర్నెస్ట్ జాస్పర్, బెల్జియం వాడు, కైరో పక్కన హీలియోపోలిస్‌లో రాజభవనంలాంటి హోటల్ కట్టినవాడు.

జాస్పర్ ఇక్కడి పాత కట్టడాలు తిరిగి చూశాడు. అజంతా, ఎల్లోరా అప్పట్లో నిజాం రాజ్యంలోవే. మన గుళ్లలో బరువంతా స్తంభం మీద, దూలం మీద. ఖాళీ మూయాలంటే ఒక్కో వరస రాయినీ కాస్త ముందుకు జరుపుతూ పోవడమే. సముద్రాల అవతల మయా ప్రజలూ తమ గుళ్లలో ఇదే చేశారు. రాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడే అసలు కమాను మన దక్కన్‌లో పాతుకున్నది సుల్తానుల కాలంలో.

ఈ రెండింటినీ ఒకే గోడలోకి తేవడం జాస్పర్ పని. ఈసారి ఆర్ట్స్ కాలేజీ వైపు వెళ్లినప్పుడు కాస్త ఆగి చూడండి. కింద ఎల్లోరాను తలపించే బరువైన స్తంభాలు, పైన మొనదేలిన కమానులు. మధ్యలో ఆ పెద్ద ద్వారం ముందు మనిషి చీమంత. అంతా గులాబీ గ్రానైటు, ఏటవాలు ఎండలో ఇంకాస్త ఎర్రబడుతుంది. రెండు మతాలు చెయ్యీ చెయ్యీ కలిపిన గుర్తు అంటారు. నాకు మాత్రం ముందు కనబడేది తాపీపని తెలివే.

శంకుస్థాపన 1934 జూలై 5న, ప్రారంభం 1939 డిసెంబర్ 4న. రెండూ ఏడో నిజాం చేతుల మీదుగానే. ఆ మధ్యలోనే, 1938లో, హాస్టల్లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను వెళ్లగొట్టారు. చాలామంది నాగపూర్ వెళ్లి చదువు పూర్తి చేసుకున్నారు. ఇక్కడ గోడలు లేస్తూనే ఉన్నాయి.