రుద్రుడంటే ఏ రుద్రుడు?

మా సైట్‌లో "శ్రీనూ" అని కేకేస్తే ఇద్దరు తిరిగి చూస్తారు. మొన్నొకసారి ఒక శ్రీను ఓవర్‌టైమ్ డబ్బులు ఇంకో శ్రీను ఖాతాలో పడ్డాయి. ఇంటి దగ్గర చిట్టీ కట్టాల్సిన డబ్బు. పది రోజులు తిరిగితే గానీ తేలలేదు. మేముండే ఊరిదీ ఇదే కథ. బ్రిటన్ ప్రధాని పామర్‌స్టన్ పేరు దక్షిణ దీవిలో ఇంకో ఊరికీ ఉంది. రెండూ కలిసిపోకుండా 1871లో మాదానికి 'నార్త్' తగిలించారు.

ఈసారి ఎపిసోడ్‌లో రుద్రదేవుడి పేరు వచ్చినప్పుడల్లా నాకు ఆ శ్రీనులే గుర్తొచ్చారు. కాకతీయుల దగ్గర రుద్రుడు ఒక్కడు కాదు మరి.

హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించింది రాజు రుద్రదేవుడు. అక్కడి శాసనం 1163 నాటిది. ఆయన తర్వాత తమ్ముడు మహాదేవుడు యాదవులతో యుద్ధంలో పోయాడు, మహాదేవుడి కొడుకు గణపతిదేవుడు వాళ్ళకు బందీగా చిక్కాడు. గద్దె మీద మనిషి లేని ఆ రోజుల్లో రాజ్యం చెదిరిపోకుండా పట్టుకున్నవాడు సేనాని రేచర్ల రుద్రుడు. 1213లో పాలంపేటలో గుడి కట్టించిందీ ఈ సేనానే. రెండు గుళ్ళలోనూ దేవుడు రుద్రేశ్వరుడే! వరంగల్‌లో ఐటీఐ చదివే రోజుల్లో రెండూ ఒకే రాజు కట్టించాడనుకునేవాణ్ణి.

గణపతిదేవుడికి కొడుకుల్లేరు, కూతురు రుద్రమ గద్దెనెక్కింది. శాసనాల్లో ఆమె పేరు కూడా 'రుద్రదేవ మహారాజు'. పేరొక్కటే చదివితే ఆడమనిషని కూడా తెలీదు. ఆమె మరణం సంగతి 1289 నాటి చందుపట్ల శాసనంలో ఉంది. తర్వాత వచ్చిన మనవడు ప్రతాపరుద్రుడిదీ అదే పేరు, 1323లో ఢిల్లీ సైన్యానికి ఓడిపోయింది ఆయనే.

మరి చరిత్రకారులు వీళ్ళని ఎలా విడదీశారు? శాసనంలో పేరు పక్కన తేదీ ఉంటుంది, తండ్రి పేరుంటుంది, వంశం ఉంటుంది. 'రేచర్ల' అన్న ఒక్క మాట తీసేస్తే సేనాని చేసిన పని రాజు ఖాతాలో పడేది. మా టైమ్‌షీట్‌లో ఇంటిపేరుకి ఒక్క అక్షరమే రాసేవాళ్ళం, ఇద్దరు శ్రీనులదీ అదే అక్షరం. ఇప్పుడు పూర్తిగా రాయిస్తున్నా.

పాలంపేట గుడిని మన జనం మాత్రం రుద్రుడి పేరుతో పిలవలేదు. కట్టిన శిల్పి పేరని చెప్పుకునే రామప్ప పేరుతోనే పిలుస్తారు. 2021లో యునెస్కో జాబితాలో కూడా రుద్రేశ్వరుడి పక్కన రామప్ప పేరు పెట్టారు. మేస్త్రీ పేరు మీద గుడి! సైట్‌లో ఈ సంగతి చెప్తే ఇద్దరు శ్రీనులూ నమ్మలేదు, ఫోన్‌లో వెతికి చూపించాల్సొచ్చింది.