నిరీక్షణమా, భాగస్వామ్యమా? – 1953లో ప్రజా సోషలిస్టు పక్షపు సందిగ్ధత

ప్రతిపక్షము అధికారమున పాలు పంచుకొనవలెనా, మఱుసటి ఎన్నికవఱకు వేచియుండవలెనా అను ప్రశ్న ప్రజా సోషలిస్టు పక్షమును చీల్చినంతగా స్వతంత్ర భారతమున ఆ తొలినాళ్లలో మఱియొక పక్షమును చీల్చలేదని మా అభిప్రాయము. ఇందుకు మూలము 1951–52 ఎన్నికల అంకెలలోనే కలదు. సోషలిస్టులకు నూటికి 10.6 వోట్లు వచ్చినను లోకసభలో దక్కినవి 12 స్థానములే. కృపలానీగారి కిసాన్ మజ్దూర్ ప్రజాపక్షమునకు 5.8 వోట్లు, 9 స్థానములు. కమ్యూనిస్టులు 3.3 వోట్లతోనే 16 స్థానములు గెలుచుకొనిరి. 1952 సెప్టెంబరులో మొదటి రెండు పక్షములును ఏకమయ్యెను. వోట్లను చూచినవారికి నిరీక్షణము, స్థానములను చూచినవారికి భాగస్వామ్యము యుక్తమని తోచుట సహజమే కదా!

నెహ్రూ సహకారమును కోరగా, జయప్రకాశ్ నారాయణ్ 1953 మార్చి 4న పదునాలుగు అంశముల కార్యక్రమమును ఆయనకు వ్రాసి పంపెను. రాజ్యాంగ సవరణము, భూసంస్కరణములు, బ్యాంకుల జాతీయీకరణము అందు ముఖ్యములు. పదవులకంటె ముందు కార్యక్రమము తేలవలెనని ఆయన పట్టు. ముందుగా మాట యిచ్చుటకు నెహ్రూ సమ్మతింపలేదు. సంప్రదింపులు ఆ నెలలోనే ముగిసెను.

అయినను వాదము ముగియలేదు. జూన్‌లో బేతూల్ సభయందు అశోక్ మెహతా, వెనుకబడిన ఆర్థికవ్యవస్థలో ప్రతిపక్షము కేవల విరోధమునకే పరిమితము కారాదనెను. కాంగ్రెసునకును, కమ్యూనిస్టులకును సమదూరమున నిలువవలెనని అంతకుముందే ప్రతిపాదించిన లోహియా దీనిని తీవ్రముగా ఎదిర్చెను.

ఈ సందిగ్ధత ఆంధ్రమునకును సోకినది. ప్రకాశం పంతులుగారు పక్షమునకు రాజీనామా యిచ్చి, 1953 అక్టోబరు 1న కాంగ్రెసు తోడ్పాటుతో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి యైరి. ఆ మంత్రివర్గము 1954 నవంబరు 6న ఒక్క వోటు తేడాతో కూలినది. పంతులుగారు వేచియుండలేకపోయిరని నిందించుట సులభము. ఎనుబది దాటిన నాయకునికి నిరీక్షణమెట్టిదో విమర్శకులు ఆలోచింపలేదు.

తిరువాన్కూరు–కొచ్చిలో కథ వేఱు. అచట 19 స్థానములుగల పక్షము, 1954 మార్చిలో కాంగ్రెసు మద్దతుతోనే, పట్టం థాణు పిళ్ల నాయకత్వమున ప్రభుత్వము నేర్పఱచినది. ఆగస్టులో తమిళ ఆందోళనకారులపై పోలీసులు కాల్పులు జరుపగా, లోహియా కారాగారమునుండియే మంత్రివర్గపు రాజీనామాను కోరెను. పిళ్ల అంగీకరింపలేదు, పక్షమును ఆయన వెంటనే నిలిచినది. 1955 ఫిబ్రవరిలో ఆ మంత్రివర్గమును పడిపోయినది.

పక్షము చేసిన పొరపాటు ఈ రెండింటిలో ఒకదానిని ఎన్నుకొనుటలో లేదు. కేంద్రమున ఒక మార్గమును, రాష్ట్రమున మఱియొక మార్గమును ఏకకాలమున అనుసరించుటలో ఉన్నదని మాకు తోచుచున్నది. అప్పటికే జయప్రకాశ్ భూదానమునకు జీవితమును అంకితము చేసి యుండెను. లోహియా అనుచరులు 1955 సంవత్సరాంతమున హైదరాబాదులో వేఱుగా సోషలిస్టు పక్షమును స్థాపించిరి.