దాసపుత్రుడన్న మాట

సభాపర్వము వినునపుడు మన మనస్సు ద్రౌపదికి జరిగిన పరాభవము దగ్గరనే నిలిచిపోవును. ఆ తరువాతి వరప్రదానఘట్టమును త్వరగా దాటిపోవుదుము. మేమును చాలాకాలము అట్లే దాటిపోతిమి.

ధృతరాష్ట్రుడు వరము కోరుకొమ్మనగా పాంచాలి మొదట ధర్మరాజును దాస్యమునుండి విడువుమనెను. కారణము కూడ చెప్పెను: తన కుమారుడు ప్రతివింధ్యుని తెలియని బాలురు దాసపుత్రుడని పిలువరాదు. రెండవ వరముతో తక్కిన నలుగురిని రథములతో, ధనుస్సులతో విడిపించెను. మూడవది వలదనెను. సర్వస్వము పోయిన ఆ సభలో తల్లికి ముందుగా తోచినది బిడ్డకు అంటబోవు పేరు! జూదమాడి ఓడినవాడు తండ్రి; బిడ్డ ఏమి ఓడినాడు?

మన శాస్త్రములు ఈ ప్రశ్నకు ఒక్కటే సమాధానము చెప్పలేదు. మనుస్మృతి లెక్కించిన ఏడు విధముల దాసులలో గృహజుడొకడు, అనగా యజమాని యింట దాసికి పుట్టినవాడు. వానికి పుట్టుకయే సంకెల. ఈ సంగతిని దాచుట మాకు సమ్మతము కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున వేరు దారి పట్టెను. తన్ను తానమ్ముకొన్నవాని సంతానము ఆర్యులే, అనగా స్వతంత్రులే యనెను. యజమానివలన దాసికి బిడ్డ కలిగినచో తల్లీబిడ్డలిద్దరును దాస్యవిముక్తులనెను. విడుదల సొమ్ము పుచ్చుకొనియు విడువని యజమానికి 12 పణముల దండన విధించెను. అయితే మ్లేచ్ఛులు తమ బిడ్డలనమ్ముకొనుట దోషము కాదనినదియు ఆయనయే. అక్కడ ఆ న్యాయము కుంటుపడినది.

నారదస్మృతిలోని విడుదల విధి మాకు మిక్కిలి ప్రియమైనది. దాసుని భుజముమీది నీటికుండను యజమాని తీసి పగులగొట్టును. అక్షతలు, పుష్పములు కలిసిన నీటిని వాని తలపై చల్లి, నీవు దాసుడవు కావని ముమ్మారు పలికి, తూర్పుముఖముగా పంపివేయును. మోసిన కుండ పగిలిన చప్పుడు వానికెట్లు వినిపించెనో!

1843లో ఈస్టిండియా కంపెనీ ఏలిన ప్రాంతములలో 5వ చట్టము వచ్చి, దాస్యహక్కును న్యాయస్థానములు గుర్తింపరాదనెను. నిజాము రాజ్యమునకు అది వర్తింపలేదు. అచ్చట వెట్టి యుండెను. అప్పు పేరిట మనిషిని కట్టివేయు భాగేలా పద్ధతియు నుండెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించెను. అయినను అప్పు కట్టు తెగలేదు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము పూర్వులనుండి వారసత్వముగా సంక్రమించిన బాధ్యతను సైతము పేర్కొని, అట్టి చాకిరినుండి విడిపించెను. తాత తెచ్చిన గింజలకు మనుమడు పశువుల వెంట నడువనక్కరలేదని దాని అర్థము. ఆ మాట చదివినపుడు మాకు ప్రతివింధ్యుడే గుర్తునకు వచ్చెను.