కదలెడు గుండెకు నిలుకడైన చిత్తరువు



పూర్వము మన యూళ్లలో ఛాయాచిత్రము తీయించుకొనుట గొప్ప వేడుక. నల్లగుడ్డలో తల దూర్చినవాఁడు కదలవలదని హెచ్చరించెడువాఁడు. పెద్దలు కొయ్యబొమ్మలవలెఁ గూర్చుండెడువారు. ఒడిలోని బిడ్డ మాత్రము తల త్రిప్పెడిది. పటము వచ్చినపుడు తాతగారి మీసము స్పష్టముగా నుండును గాని, బిడ్డ మొగమున్నచోట పొగమబ్బు మాత్రమే యుండును. వైద్యుల చిత్రములలో నట్టి కదలెడు బిడ్డ మన గుండెకాయ. దానిని నిలుకడగాఁ జూపుటకు జరిగిన ప్రయత్నముల చరిత్రను నేఁడు మనవి చేసెదను.

గుండె నిమిషమునకు సుమారు 70 మార్లు, దినమునకు లక్ష మార్లు కొట్టుకొనును. అదిగాక, ఊపిరి పీల్చినపుడెల్ల ఱొమ్మునకును కడుపునకును నడుమనున్న కండరపు పొర క్రిందికి దిగి గుండెనుగూడ లాగుకొనిపోవును. కాఁబట్టి దాని కదలికలు రెండు: తనది యొకటి, ఊపిరిది యొకటి. దానిపై నల్లుకొనిన రక్తనాళములు కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే గలవి. అంత సన్నని నాళములో పూడిక యున్నదో లేదో తేల్చుటయే సమస్య.

1895లో జర్మనీదేశమున రాంట్‌జెన్ పండితుఁడు ఎక్స్ కిరణములను కనుఁగొనెను. 1929లో ఆ దేశమందే ఫోర్స్‌మన్ అను యువవైద్యుఁడు తన చేతి నరము వెంట సన్నని గొట్టమును తన గుండెలోనికే పంపుకొని, ఎక్స్ కిరణ చిత్రము తీయించుకొనెను. 1956లో మఱి యిద్దఱితోఁ గలిపి యాతనికి నోబెల్ బహుమానము లభించినది. త్రోవ దొరకెను గాని, అది దేహములో గొట్టము దూర్చెడి త్రోవ.

1971 అక్టోబరు 1వ తేదిని లండనులో హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సీ.టీ. యంత్రము మొదటి రోగి తలను చిత్రించెను. ఒక్కొక్క కొలతకు నాలుగైదు నిమిషములు పట్టెను. తలను కదలకుండ నుంచవచ్చును. ఆ నాలుగు నిమిషములలో గుండె మున్నూఱు మార్లకు దగ్గఱగాఁ గొట్టుకొనును!

ఇందులకు మొదటి యుపాయము లయను పట్టుకొనుట. ఏతపు బాన నీటిని తాఁకినపుడు మాత్రమే కన్ను తెఱచి, తక్కినవేళలఁ గన్ను మూసికొనువానికి ఏతము నిలిచియున్నట్లే తోఁచును. ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో హాలెండుదేశపు ఐంథోవెన్ గుండె విద్యుత్తును వ్రాసి చూపుటకు త్రోవ తీసెను. నేఁటి యంత్రములు ఆ ఈ.సీ.జీ. రేఖనే కాపుగా నుంచుకొని, గుండె విశ్రమించు క్షణమందలి కొలతలనే యేఱుకొనును.

ఊపిరికి మందు ఊపిరి బిగబట్టుటయే. కాని ఆయాసపడు రోగి బిగబట్టునెట్లు? 1989లో అమెరికాలో మేయో వైద్యశాలకు చెందిన ఎహ్‌మన్, ఫెల్మ్‌లీ యనువారు ఎమ్.ఆర్.ఐ. యంత్రమే యవయవ మెంత జరిగినదో కొలిచి, ఆ మేరకుఁ జిత్రమును సవరించు పద్ధతిని ప్రకటించిరి. 2005 తరువాత రెండు కిరణనాళికలు గల సీ.టీ. యంత్రములు సెకనులో పండ్రెండవ వంతు కాలముననే చిత్రము తీయఁజొచ్చినవి.

అంతటితోఁ జాలలేదు. వేగముగాఁ గొట్టుకొను గుండె యా కొద్ది కాలములోఁగూడ జరుగును. అప్పుడు గణితము సాయపడెను. వెనుకముందులు తీసిన రెండు చిత్రములలో నొక్కొక్క చుక్క యెచటినుండి యెచటికిఁ బోయినదో లెక్కించు సూత్రములు 1981లోనే వెలువడినవి. అవి వైద్యము కొఱకుఁ బుట్టినవి కావు. అట్టి లెక్కతోనే కంప్యూటరు రక్తనాళము నడచిన త్రోవను గుర్తించి, దానిని వెనుకకు జరిపి, చెదరిన యంచులను కూర్చును. మనుష్యుని చేయి పడకయే యీ సవరణ జరుగును.

ఇందు లాభమెంతయో జాగ్రత్తయు నంతయే. గుండెకు రక్తము చక్కఁగా నందుచున్నదా యని చూచు పరీక్షలో రోగి కొంచెము కదలినను, రక్తమందని చోటున్నట్లు దొంగమచ్చ యొకటి కనఁబడవచ్చును. దానిని నమ్మినచో ఆరోగ్యవంతునకు అక్కఱలేని గొట్టపు పరీక్ష తప్పదు. చెదరిన చిత్రములో నిజమైన పూడిక దాఁగినచో ప్రాణమునకే ముప్పు. సవరించు కంప్యూటరును పొరపడవచ్చును. అందుచేత సవరించిన చిత్రము ప్రక్కను మొదటి చిత్రమునుగూడ వైద్యుఁడు చూచి తీర్పు చెప్పుటయే మేలని నా యభిప్రాయము.

పెద్దలకొక్క విన్నపము. పరీక్షశాలలో ఊపిరి బిగబట్టుమన్నపుడు బిగబట్టలేకున్నచో, దగ్గు వచ్చుచున్నచో, సిగ్గుపడక ముందే చెప్పుఁడు. ఎంత గొప్ప గణితమైనను, కదలని చిత్రమును మించినది కాదు.