విదేశీ ప్రయాణంతో వైకల్య భృతి ఆగిపోతుందా? టికెట్ కొనే ముందు తెలుసుకోవాల్సిన నియమాలు

తండ్రికి ఒంట్లో బాగోలేదని ఫోన్ వస్తుంది. చెల్లెలి పెళ్లికి నెల ముందే రమ్మని ఇంటి నుంచి కబురు వస్తుంది. బ్రిటన్‌లోనో, అమెరికాలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇలాంటి ప్రయాణాలు కొత్తేమీ కాదు. కానీ ఆ ఇంట్లో దివ్యాంగులో, దీర్ఘకాలిక అనారోగ్యంతో ఉన్నవారో ఉండి, అక్కడి ప్రభుత్వం ఇచ్చే భృతిపై ఆధారపడి జీవిస్తుంటే, టికెట్ ధరతోపాటు మరో లెక్క కూడా చూసుకోక తప్పదు.

దేశం వదిలి వెళ్లినప్పుడు భృతి కొనసాగుతుందా, లేదా అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ఒకే వ్యక్తికి రెండు రకాల భృతులు వస్తుంటే, ఒకటి మూడు నెలల వరకు కొనసాగవచ్చు. మరొకటి విమానం ఎక్కిన రోజు నుంచే నిలిచిపోవచ్చు. చాలామంది ఇబ్బందుల్లో పడేది ఈ తేడా తెలియకే.

భృతికీ, నివాసానికీ సంబంధం ఏమిటి?

ప్రభుత్వాలు ఇచ్చే భృతులను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు. ఉద్యోగంలో ఉన్నప్పుడు జీతం నుంచి చెల్లించిన చందాల ఆధారంగా వచ్చేవి మొదటి రకం. వైకల్యం వల్ల అదనంగా అయ్యే ఖర్చుల కోసం ఇచ్చేవి రెండో రకం. కుటుంబ ఆదాయం, పొదుపు తక్కువగా ఉన్నవారికి జీవనాధారంగా ఇచ్చేవి మూడో రకం.

మూడో రకం భృతులపై నివాస నిబంధన అన్నిటికంటే కఠినంగా ఉంటుంది. దేశంలో ఉండి జీవించడానికి ఇచ్చే సాయం కాబట్టి, దేశంలో లేనివారికి అది వర్తించదన్నది వాటి వెనుక ఉన్న ఆలోచన. చందాల ఆధారంగా వచ్చేవాటిలో కొన్ని విదేశాల్లోనూ అందుతాయి. అయితే దీనికి మినహాయింపులున్నాయి. అందుకే ఏ భృతి నియమాన్ని ఆ భృతికే విడిగా చూసుకోవాలి.

బ్రిటన్: 13 వారాల గడువు

బ్రిటన్‌లో పని చేసే వయసులో ఉన్న దివ్యాంగులకు అదనపు ఖర్చుల కోసం ఇచ్చే ప్రధాన భృతి పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్. దీన్నే వాడుకలో పిప్ అంటారు. 2013లో ఇది మొదలైంది. స్కాట్లాండ్‌లో దీని స్థానంలో అడల్ట్ డిజెబిలిటీ పేమెంట్ అమల్లో ఉంది.

పిప్ పొందుతున్నవారు తాత్కాలికంగా విదేశాలకు వెళ్తే, కారణం ఏదైనా సరే, మొదటి 13 వారాలు భృతి కొనసాగుతుంది. వైద్య చికిత్స కోసమే వెళ్తే 26 వారాల వరకు కొనసాగుతుంది. వృద్ధులకు ఇచ్చే అటెండెన్స్ అలవెన్స్‌కూ, పిల్లలకు ఇచ్చే డిజెబిలిటీ లివింగ్ అలవెన్స్‌కూ ఇవే గడువులు.

ఇక్కడ 'తాత్కాలికం' అన్న మాటకు చట్టంలో నిర్దిష్టమైన అర్థం ఉంది. బయల్దేరే నాటికి ఆ ప్రయాణం 52 వారాలు దాటే అవకాశం లేకుండా ఉండాలి. తిరిగి వచ్చే ఆలోచన లేకుండా స్వదేశానికి వెళ్లిపోయేవారికి 13 వారాల వెసులుబాటు వర్తించదు.

నాలుగు వారాలకు మించి దేశం విడిచి వెళ్తుంటే ఆ విషయాన్ని ముందే తెలియజేయాలి. భృతి ఆగని ప్రయాణమైనా సరే, చెప్పడం లబ్ధిదారు బాధ్యతే.

యూనివర్సల్ క్రెడిట్: అసలు చిక్కు ఇక్కడే

ఆదాయం తక్కువగా ఉన్నవారికి, అనారోగ్యంతో పని చేయలేనివారికి బ్రిటన్‌లో ఇచ్చే సాయం యూనివర్సల్ క్రెడిట్. పిప్ తీసుకునేవారిలో చాలామందికి ఇది కూడా వస్తుంది. దీని గడువు మాత్రం ఒక్క నెలే.

అంతేకాదు, రెండు నియమాల నిర్మాణంలోనే తేడా ఉంది. పిప్‌లో ప్రయాణం ఎంత కాలమైనా, ఏడాది దాటనంతవరకు, తొలి 13 వారాల డబ్బు అందుతుంది. యూనివర్సల్ క్రెడిట్‌లో అలా కాదు. బయల్దేరేటప్పుడే ఆ ప్రయాణం నెల దాటదని అనుకోవాలి, వాస్తవంలోనూ నెల దాటకూడదు. ఈ రెండు షరతులూ నెరవేరాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండు భృతులూ పొందుతున్న వ్యక్తి పది వారాల తర్వాతి తేదీకి తిరుగు టికెట్ కొని విజయవాడ వచ్చారనుకుందాం. పది వారాలు పదమూడు వారాల లోపే కాబట్టి పిప్‌కు ఇబ్బంది లేదు. యూనివర్సల్ క్రెడిట్ విషయంలో మాత్రం మొదటి నెలకైనా డబ్బు వస్తుందని ఆశించడానికి వీల్లేదు. ప్రయాణం నెల దాటుతుందని టికెట్టే చెబుతోంది కాబట్టి, వెళ్లిన నాటి నుంచే అర్హత పోతుంది. తిరిగి వెళ్లాక మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. కొత్త దరఖాస్తుపై మొదటి చెల్లింపు రావడానికి సాధారణంగా ఐదు వారాలు పడుతుంది. ఇంటి అద్దెకు కూడా ఆ డబ్బే ఆధారమైతే, పది వారాల ప్రయాణం దాదాపు మూడున్నర నెలల లోటుగా మారుతుంది.

మరణం సంభవించినప్పుడు

యూనివర్సల్ క్రెడిట్ నియమాల్లో మరణ సందర్భానికి ఒక వెసులుబాటు ఉంది. జీవిత భాగస్వామి, బిడ్డ లేదా దగ్గరి బంధువు మరణానికి సంబంధించిన ప్రయాణమై, నెలలోపు తిరిగి రావాలనడం సమంజసం కాదని అధికారులు భావిస్తే, మరో నెల వరకు గడువు పెంచవచ్చు.

అయితే 'దగ్గరి బంధువు' అన్న మాటను మన కుటుంబాల లెక్కలో అర్థం చేసుకోకూడదు. తల్లిదండ్రులు, అత్తమామలు, కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు, కోడళ్లు, తోబుట్టువులు ఆ పరిధిలోకి వస్తారు. పెంచి పెద్దచేసిన తాతమ్మలైనా, మేనమామ, పెదనాన్న, పిన్ని వంటివారైనా ఆ జాబితాలో లేరు. పెద్దకర్మ, నెల మాసికం వరకు ఉండి వెళ్లాలనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చికిత్స కోసం స్వదేశానికి వస్తే

వైద్యం కోసం వచ్చేవారికి గడువు ఎక్కువ. పిప్‌కు 26 వారాలు, యూనివర్సల్ క్రెడిట్‌కు ఆరు నెలలు. చందాల ఆధారంగా వచ్చే ఎంప్లాయ్‌మెంట్ అండ్ సపోర్ట్ అలవెన్స్‌కు సాధారణ ప్రయాణాల్లో గడువు నాలుగు వారాలే. చికిత్స కోసమైతే అది 26 వారాలు అవుతుంది. చందాలు కట్టినవారికి ఇచ్చే భృతి అయినా, దీని గడువు తక్కువగానే ఉండటం గమనించదగ్గ విషయం.

పిప్ నియమంలో ఒక కీలకమైన మాట ఉంది. ప్రయాణం 'కేవలం' చికిత్స ఏర్పాట్ల కోసమే అయి ఉండాలి. బ్రిటన్ విడిచి వెళ్లక ముందే మొదలైన జబ్బుకో, వైకల్యానికో ఆ చికిత్స జరగాలి. అర్హత ఉన్న నిపుణుల పర్యవేక్షణలో జరగాలి. పెళ్లికి వచ్చి, పనిలో పనిగా ఫిజియోథెరపీ చేయించుకున్నవారు దాన్ని చికిత్స ప్రయాణంగా చూపితే అది నిలబడకపోవచ్చు. ఆసుపత్రి అపాయింట్‌మెంట్, డాక్టర్ లేఖ, చికిత్స వ్యవధి తెలిపే పత్రం ప్రయాణానికి ముందే చేతిలో ఉండటం మంచిది.

సంరక్షకుల మాటేమిటి?

దివ్యాంగులను చూసుకునేవారికి ఇచ్చే కేరర్స్ అలవెన్స్, వారు ఒంటరిగా విదేశానికి వెళ్తే సాధారణంగా నాలుగు వారాల వరకు కొనసాగుతుంది. తాము చూసుకునే వ్యక్తితో కలిసి, ఆ వ్యక్తిని చూసుకోవడానికే వెళ్తే, అవతలి వ్యక్తి భృతి కొనసాగినంత కాలం ఇది కూడా కొనసాగే వీలుంది. అంటే ఒకరి భృతి ఆగితే రెండోవారిదీ ఆగుతుంది.

వీసాపై ఉన్నవారికి

ఉద్యోగ వీసాలు, విద్యార్థి వీసాలపై బ్రిటన్‌లో ఉన్న తెలుగువారిలో అత్యధికులకు 'ప్రభుత్వ నిధులకు అర్హత లేదు' అనే షరతు ఉంటుంది. పిప్, యూనివర్సల్ క్రెడిట్ ఆ నిధుల కిందకు వస్తాయి కాబట్టి వారు వీటిని తీసుకోకూడదు. యజమాని 28 వారాల వరకు చెల్లించే స్టాట్యుటరీ సిక్ పే మాత్రం ఆ కిందకు రాదు. చందాల ఆధారంగా వచ్చే ఎంప్లాయ్‌మెంట్ అండ్ సపోర్ట్ అలవెన్స్ కూడా అంతే.

అమెరికా: పేర్లు ఒకేలా, నియమాలు వేరు

అమెరికాలో సోషల్ సెక్యూరిటీ కార్యాలయం ద్వారానే రెండు రకాల వైకల్య భృతులు అందుతాయి. ఉద్యోగ కాలంలో చెల్లించిన పన్నుల ఆధారంగా వచ్చేది సోషల్ సెక్యూరిటీ డిజెబిలిటీ ఇన్సూరెన్స్. ఆదాయం, ఆస్తులు బాగా తక్కువగా ఉన్నవారికి ఇచ్చేది సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్. రెండింటినీ ఒకటే అనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

మొదటిదాన్ని అమెరికా పౌరులు అర్హత ఉన్నంత కాలం భారత్‌లో ఉండి కూడా పొందవచ్చు. అమెరికా పౌరసత్వం లేనివారికి, కొన్ని మినహాయింపులు తప్ప, వరుసగా ఆరు పూర్తి క్యాలెండర్ నెలలు దేశం బయట ఉంటే చెల్లింపు ఆగుతుంది. విదేశాల్లో ఉండేవారికి సోషల్ సెక్యూరిటీ కార్యాలయం ఎప్పటికప్పుడు ఒక ప్రశ్నపత్రం పంపుతుంది. దాన్ని నింపి పంపకపోయినా డబ్బు నిలిచిపోతుంది.

రెండోదానికి గడువు చాలా తక్కువ. ఒక పూర్తి క్యాలెండర్ నెల గానీ, వరుసగా 30 రోజులు గానీ దేశంలో లేకపోతే అది ఆగుతుంది. 30 రోజులు బయట ఉన్నవారు తిరిగి వచ్చి, వరుసగా 30 రోజులు అమెరికాలో ఉన్న తర్వాతే మళ్లీ మొదలవుతుంది. ఐదు వారాల ప్రయాణం కూడా ఈ లెక్కలో ఖరీదైనదే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కూడా సాధారణంగా దేశం బయట చేసిన వైద్యానికి డబ్బు చెల్లించదు.

దేశాల మధ్య ఒప్పందాలు ఉపయోగపడతాయా?

బెల్జియం, జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, కెనడా, జపాన్, దక్షిణ కొరియా తదితర దేశాలతో భారత్‌కు సామాజిక భద్రతా ఒప్పందాలు ఉన్నాయి. రెండు చోట్లా చందాలు కట్టే భారం తప్పించడం, అర్హమైన పింఛన్లను మరో దేశంలో అందుకునే వీలు కల్పించడం సాధారణంగా వీటి ఉద్దేశం. అమెరికాతో భారత్‌కు అలాంటి ఒప్పందం లేదు.

భారత్ నుంచి విదేశాలకు వెళ్లేవారికి

ఈ ప్రశ్న ఇటు నుంచి వెళ్లేవారికీ వర్తిస్తుంది. ఈఎస్ఐ పరిధిలోని ఉద్యోగి జబ్బుపడితే, అర్హతను బట్టి ఏడాదికి 91 రోజుల వరకు సగటు రోజువారీ వేతనంలో 70 శాతం అనారోగ్య భృతిగా అందుతుంది. అయితే ఆ భృతి పొందేవారు ఈఎస్ఐ వైద్యుల చికిత్సలో కొనసాగాలనీ, వైద్యాధికారి అనుమతి లేకుండా చికిత్స జరుగుతున్న ప్రాంతాన్ని విడిచి వెళ్లకూడదనీ 1948 నాటి ఈఎస్ఐ చట్టంలోని 64వ సెక్షన్ నిర్దేశించింది. ఇది విదేశాలకే కాదు, పక్క జిల్లాకు వెళ్లినా వర్తించే నియమం. శాశ్వత వైకల్య భృతిని మాత్రం ఈ షరతుల నుంచి మినహాయించారు. 2025 నవంబరు 21న సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చినందున, ప్రయాణానికి ముందు ఈఎస్ఐ బ్రాంచి కార్యాలయంలో ప్రస్తుత నిబంధనలను అడిగి తెలుసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పథకం కింద 2024 జులై నుంచి దివ్యాంగులకు నెలకు రూ.6,000 పింఛను ఇస్తున్నారు. సచివాలయ సిబ్బంది ఇంటికి వచ్చి చేతికి అందించే పింఛను ఇది. వరుసగా రెండు నెలలు ఊళ్లో లేకపోయినా, మూడో నెలలో మొత్తం కలిపి తీసుకోవచ్చు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే మాత్రం శాశ్వతంగా వలస వెళ్లినట్లు పరిగణించి నిలిపివేసే నిబంధన ఉంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు తరచూ ఐదారు నెలలు అక్కడే ఉంటారు. ఆ వ్యవధి ఈ గడువుకు దాదాపు రెట్టింపు.

చెప్పకుండా వెళ్తే?

చెప్పకుండా వెళ్లినప్పుడు డబ్బు వెంటనే ఆగకపోవచ్చు. ఖాతాలో యథావిధిగా పడుతూనే ఉండవచ్చు. అంతమాత్రాన అర్హత కొనసాగుతున్నట్లు కాదు. తర్వాత ప్రయాణ వివరాలు బయటపడితే, అదనంగా చెల్లించిన మొత్తాన్ని అధికారులు తిరిగి వసూలు చేస్తారు. బ్రిటన్‌లో దీనిపై 50 పౌండ్ల జరిమానా కూడా విధించవచ్చు. ఉద్దేశపూర్వకంగా దాచారని తేలితే మోసం కింద విచారణ ఎదుర్కోవాల్సి వస్తుంది.

బయల్దేరే ముందు చేయాల్సినవి

• మీకు వచ్చే ప్రతి భృతి పేరునూ, దాని గడువునూ విడివిడిగా రాసుకోండి. వాటిలో అతి తక్కువ గడువును బట్టి తిరుగు ప్రయాణ తేదీ నిర్ణయించుకోండి.

• వెళ్లే తేదీ, వచ్చే తేదీ, కారణం సంబంధిత కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయండి. వారిచ్చిన సమాధానాన్ని భద్రపరచండి.

• గడువు చివరి రోజుకు టికెట్ కొనకండి. విమానం రద్దయినా, ఆరోగ్యం చెడినా సరిపోయేలా కొన్ని రోజులు మిగుల్చుకోండి.

• బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టుపై ముద్రలు, వైద్య పత్రాలు, మరణ ధ్రువపత్రం వంటివి పారేయకండి.

• అక్కడ ఉండగా ప్రయాణం పొడిగించాల్సి వస్తే, తిరిగి వెళ్లాక చెబుదామని ఆగకండి. ఆ రోజే తెలియజేయండి.

దివ్యాంగులు ప్రయాణం చేయకూడదని ఏ చట్టమూ చెప్పడం లేదు. అయినవారి కష్టసుఖాలకు చేరుకోవడం అందరితోపాటు వారికీ అవసరమే. వెళ్లే ముందు కార్యాలయానికి తెలియజేసే ఒక్క సమాచారం, తిరిగి వచ్చాక ఇంటి అద్దె, మందుల ఖర్చు కోసం అప్పు చేయాల్సిన పరిస్థితిని చాలావరకు తప్పిస్తుంది.